ప్రయారిటీ అన్న ఒక్క మాట: ఏవియాంకా 052 కేస్ స్టడీ

1990 జనవరి 25 రాత్రి 9 గంటల 34 నిమిషాలకు న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో, కోవ్ నెక్ అనే ఊళ్లో, ఒక బోయింగ్ 707 కొండవాలు మీద కూలింది. నాలుగు ఇంజిన్లూ అప్పటికే ఆగిపోయాయి. కూలాక మంట లేవలేదు, మండడానికి ట్యాంకుల్లో ఏమీ మిగల్లేదు కాబట్టి. విమానంలో ఉన్న 158 మందిలో 73 మంది చనిపోయారు. చనిపోయినవాళ్లలో పైలట్లిద్దరూ, ఫ్లైట్ ఇంజినీరూ ఉన్నారు.

బొగోటాలో బయల్దేరి, మెడెలిన్‌లో ఆగి, న్యూయార్క్ కెనెడీ విమానాశ్రయానికి వెళ్లాల్సిన ఏవియాంకా 052 అది. ఈ ప్రమాదాన్ని ఇంధన నిర్వహణ పాఠంగా చెప్తారు, వాతావరణం పాఠంగానూ చెప్తారు. రెండూ సరైనవే. ఇక్కడ దాన్ని మాటల వైపు నుంచి విప్పి చూద్దాం: మాన్యువల్‌లో అచ్చైన మాట, కాక్‌పిట్‌లో స్పానిష్‌లో అన్న మాట, రేడియోలో ఇంగ్లీషులో వెళ్లిన మాట, అవతల కంట్రోలర్ చెవికి చేరిన మాట. ఒకే సంగతి ఈ నాలుగు చోట్లా నాలుగు రకాలుగా మారింది.

ఆ రాత్రి ఏం జరిగింది

ఆ రాత్రి అమెరికా తూర్పు తీరంలో వాతావరణం బాగాలేదు. కెనెడీకి వచ్చే విమానాల వరస పేరుకుపోయింది. 052ను మూడుసార్లు గాల్లో ఆపారు: నార్‌ఫోక్ దగ్గర 19 నిమిషాలు, అట్లాంటిక్ సిటీ దగ్గర 29 నిమిషాలు, కెనెడీకి దక్షిణంగా కామరన్ అనే పాయింట్ దగ్గర మరో 29 నిమిషాలు. మొత్తం గంటా 17 నిమిషాల హోల్డింగ్.

మూడో హోల్డింగ్‌లో, రాత్రి 8:44కి, ఇంకో ఇరవై నిమిషాలు ఆగాలని కంట్రోలర్ చెప్పాడు. రేడియో మీద ఉన్న కో-పైలట్ "ఐ థింక్ వి నీడ్ ప్రయారిటీ" అన్నాడు. ఎంతసేపు ఆగగలరు, ప్రత్యామ్నాయ విమానాశ్రయం ఏది అని కంట్రోలర్ అడిగాడు. ఐదు నిమిషాలు ఆగగలం, అంతకుమించి కుదరదని జవాబు. బోస్టన్ అనుకున్నాం గానీ ఇప్పుడు అక్కడికి వెళ్లలేం, ఇంధనం అయిపోతోంది అని కూడా చెప్పాడు.

ఈ సంభాషణ మొత్తం తర్వాతి కంట్రోల్ యూనిట్‌కి చేరలేదు. చేరిందల్లా "హోల్డింగ్‌లో ఇంకో ఐదు నిమిషాలే ఉండగలదు" అన్న ముక్క. ప్రయారిటీ అన్న మాట వెళ్లలేదు, బోస్టన్ దారి మూసుకుపోయిందన్న సంగతీ వెళ్లలేదు. అవతలివాళ్లు, వేగం 180 నాట్లకు తగ్గించి పంపండి, తీసుకుంటాం అన్నారు. తీసుకున్నాక, వరసలో ఎడం కోసం విమానాన్ని ఒక పూర్తి చుట్టు కూడా తిప్పారు. వాళ్ల లెక్కలో అది మామూలు విమానమే. హోల్డింగ్ నుంచి బయటపడ్డాక ఆ విమానం మరో 47 నిమిషాలు గాల్లోనే ఉంది.

22 ఎడమ రన్‌వే మీదికి మొదటి ప్రయత్నం 9:23కి విఫలమైంది. గాలివేగం ఎత్తుతోపాటు ఒక్కసారిగా మారుతోంది. విమానం దిగాల్సిన వాలుదారి (గ్లైడ్ స్లోప్) కిందికి జారింది. నేల దగ్గరపడుతోందని యంత్రం హెచ్చరించింది. రన్‌వే కనబడలేదు. గో-అరౌండ్ చేశారు, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేచారు.

అసలు కేసు ఇక్కడ మొదలవుతుంది. గో-అరౌండ్ చేసిన అర నిమిషానికి కెప్టెన్ స్పానిష్‌లో "మనం ఎమర్జెన్సీలో ఉన్నామని వాళ్లకు చెప్పు" అన్నాడు. కో-పైలట్ టవర్‌తో ఇంగ్లీషులో అన్నది ఇది: "దట్స్ రైట్ టు వన్ ఎయిట్ జీరో ఆన్ ద హెడింగ్, అండ్ వి విల్ ట్రై వన్స్ అగైన్, వి ఆర్ రన్నింగ్ అవుట్ ఆఫ్ ఫ్యూయల్." టవర్ "ఓకే" అంది. చెప్పావా అని కెప్టెన్ మళ్లీ అడిగాడు. "యస్ సర్, అప్పుడే చెప్పాను" అని జవాబు వచ్చింది. కాక్‌పిట్‌లో ఎమర్జెన్సీ అన్న మాట రెండుమూడుసార్లు పలికారు. రేడియోలోకి అది ఒక్కసారీ వెళ్లలేదు.

9:26కి కంట్రోలర్ అడిగాడు: ఈశాన్యంగా పదిహేను మైళ్లు తీసుకెళ్లి మళ్లీ అప్రోచ్‌కి తిప్పుతాను, మీకూ మీ ఇంధనానికీ అది సరేనా? జవాబు: "ఐ గెస్ సో, థాంక్యూ వెరీ మచ్." ఆరు నిమిషాలకు ఇంజిన్లు ఆగడం మొదలైంది. అప్పుడు కో-పైలట్ అన్నది: "వి జస్ట్ లాస్ట్ టూ ఇంజిన్స్ అండ్ వి నీడ్ ప్రయారిటీ ప్లీజ్." రెండు ఇంజిన్లు పోయిన తర్వాత కూడా అతని నోటికొచ్చిన మాట ప్రయారిటీయే. తెలిసీ ఎమర్జెన్సీ అన్న మాటను తప్పించినవాడు ఆ క్షణంలో కూడా తప్పించడు. అతని దృష్టిలో ఎమర్జెన్సీకి మాట అదే.

ఆ మాట ఎక్కడిది

విచారణలో ఏవియాంకా కెప్టెన్ ఒకరు దీని గురించి సాక్ష్యం చెప్పారు. తయారీదారు ఇచ్చిన శిక్షణలో ప్రయారిటీ, ఎమర్జెన్సీ రెండూ కంట్రోలర్లకు ఒకే అర్థాన్ని ఇస్తాయన్న అభిప్రాయం తమ పైలట్లకు కలిగిందని ఆయన అన్నారు. పుస్తకాల్లోనూ ఆధారం ఉంది. ఇంధనం తక్కువ చూపిస్తున్నప్పుడు 707ను నడిపే తీరు గురించి 1980లో బోయింగ్ ఒక బులెటిన్ ఇచ్చింది. ఇంధనం బాగా తక్కువున్నప్పుడు ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్) నుంచి ప్రయారిటీ హ్యాండ్లింగ్ కోరాలి అన్నది అందులోని వాక్యం.

స్పానిష్ మాతృభాషగా ఉన్నవాడికి ప్రయారిటీ కొత్త మాట కాదు. వాళ్ల భాషలో ప్రియోరిదాద్ ఉంది. ఇంట్లో వాడే మాట, మాన్యువల్‌లో చదివిన మాట, శిక్షణలో విన్న మాట మూడూ ఒకటే అయితే మనిషి దాన్ని అనుమానించడు. రెండు భాషల్లో ఒకేలా వినిపించే మాటలతో ఉండే ప్రమాదమే ఇది. పూర్తిగా తెలియని మాటైతే నిఘంటువు తెరుస్తాం. తెలిసినట్టుండే మాటకు ఎవరూ తెరవరు.

కంట్రోలర్లు ఇచ్చిన సాక్ష్యం దీనికి అవతలి కొస. ఎవరైనా ప్రయారిటీ అంటే చేతనైనంత సాయం చేస్తాం, కానీ ఆ మాటకు ఫలానా పని చేసితీరాలన్న నియమం లేదు, ఇంధనం ఎమర్జెన్సీ ఉన్నవాడు ఎమర్జెన్సీ అనే అనాలి అని వాళ్లు చెప్పారు. అప్పటికే అమెరికా పదకోశంలో "మినిమమ్ ఫ్యూయల్" అనే మాట ఉంది. ఇక ఆలస్యాన్ని భరించలేను, ఇప్పటికైతే ఎమర్జెన్సీ కాదు అని దానర్థం. ఆ మాటనూ సిబ్బంది వాడలేదు.

అమెరికా రవాణా భద్రతా మండలి సిబ్బంది తప్పును మొదట పెట్టింది: ఇంధనాన్ని సరిగా చూసుకోలేదు, అయిపోయేలోపు ఎమర్జెన్సీ అని చెప్పలేదు. దోహదం చేసిన కారణాల్లో మాత్రం, ఇంధనం ఏ స్థితిలో ఉందో చెప్పడానికి పైలట్లకూ కంట్రోలర్లకూ అర్థమయ్యే ఉమ్మడి పదజాలం లేకపోవడాన్ని పేర్కొంది. మాన్యువల్ రాసేవాళ్లు పట్టుకోవాల్సింది ఆ ముక్క.

కో-పైలట్ వాక్యాల నిర్మాణం కూడా చూడాలి. "రన్నింగ్ అవుట్ ఆఫ్ ఫ్యూయల్" హెడింగ్ (విమానం వెళ్లాల్సిన దిశ) రీడ్‌బ్యాక్‌కు, అంటే కంట్రోలర్ చెప్పిందాన్ని తిరిగి చెప్పడానికి, తోకగా వచ్చింది. కంట్రోలర్ రీడ్‌బ్యాక్‌లో అంకెల కోసం వింటాడు. వన్ ఎయిట్ జీరో సరిపోగానే అతని శ్రద్ధ తర్వాతి విమానం మీదికి పోతుంది. పైగా, గాల్లో ఉన్న ఏ విమానానికైనా ఇంధనం అయిపోతూనే ఉంటుంది. ఎన్ని నిమిషాలకు ఉందో చెప్పకపోతే ఆ వాక్యంలో సమాచారమే లేదు.

ఒక్క చెవి మీద నడిచిన విమానం

కెప్టెన్ ఇంగ్లీషు అంతంతమాత్రం. కంట్రోలర్ మాటలను కో-పైలట్ స్పానిష్‌లో చెప్తేనే ఆయనకు తెలిసేది. గట్టిగా చెప్పు, నాకు వినబడటం లేదు అని ఆయన అడగడం రికార్డులో ఉంది. కాబట్టి రేడియోలోకి ఏ మాట వెళ్లిందో సరిచూసుకునే అవకాశం ఆయనకు లేదు. "అప్పుడే చెప్పాను" అంటే నమ్మాడు.

మన దేశంలో ఇదే లోపం మరో రూపంలో బయటపడింది. 1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద కజకిస్తాన్ ఇల్యూషిన్-76, సౌదీ బోయింగ్ 747 గాల్లో ఢీకొని 349 మంది చనిపోయారు. ఇల్యూషిన్‌కు 15,000 అడుగుల దగ్గర ఆగమని క్లియరెన్స్, 747కు 14,000. ఇల్యూషిన్‌లో రేడియో చూసే మనిషి వేరు, విమానం నడిపేవాళ్లు వేరు. రేడియో ఆపరేటర్ విన్నది పైలట్లకు చేరేసరికి విమానం 15,000 దాటి కిందికి దిగిపోయింది. ఆ తర్వాత 1998లో అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, భాషా సామర్థ్యం మీద తీర్మానం చేసింది. 2003 మార్చిలో నిబంధనలు ఆమోదం పొందాయి, 2008 మార్చి 5 నుంచి వర్తించాయి, సిద్ధంకాని దేశాలకు 2011 మార్చి దాకా గడువిచ్చారు.

పరీక్ష దేన్ని కొలుస్తుంది

ఈ నిబంధనల కింద పెట్టే ఇంగ్లీషు భాషా సామర్థ్య పరీక్ష, అంటే ఈఎల్‌పీలో, ఆరు అంశాలు: ఉచ్చారణ, వాక్య నిర్మాణం, పదజాలం, ధారాళత, గ్రహింపు, సంభాషణ. ఒక్కోదానికి 1 నుంచి 6 దాకా స్థాయి. అన్నిటికంటే తక్కువ వచ్చిందే తుది స్థాయి, సగటు తీయరు. ఐదు అంశాల్లో 5 వచ్చి గ్రహింపులో 3 వస్తే ఆ మనిషి స్థాయి 3, అంతర్జాతీయ విమానాలకు చాలదు. కనీసం 4 ఉండాలి. స్థాయి 4కు మూడేళ్లకోసారి, 5కు ఆరేళ్లకోసారి మళ్లీ పరీక్ష అని ఐకావో సూచన. 6కు మళ్లీ అక్కర్లేదు.

ఆర్‌టీఆర్ (విమాన రేడియో వాడటానికి కావలసిన లైసెన్స్ పరీక్ష) పాసైతే ఇది లాంఛనమే అనుకునే ట్రైనీలు చాలామంది. ఆర్‌టీఆర్‌లో ప్రధానంగా చూసేది రేడియో పద్ధతి, నియమాలు, ఫ్రేజాలజీ (రేడియోకి ముందే నిర్ణయించిన మాటలు). ఈఎల్‌పీ చూసేది ఫ్రేజాలజీ చాలనిచోట మామూలు ఇంగ్లీషులో పరిస్థితిని చెప్పగలరా, అర్థంకానిది అడిగి తేల్చుకోగలరా అని. "సంభాషణ" అంశంలో స్థాయి 4కు కావలసింది సరిగ్గా ఇదే: అపార్థం కనబడినప్పుడు సరిచూసుకోవడం, నిర్ధారించుకోవడం, వివరణ అడగడం. 052 కో-పైలట్ ఇంగ్లీషు పదజాలంలోనో ధారాళతలోనో మరీ తక్కువేం కాదు. టవర్ "ఓకే" అన్నప్పుడు ఆ ఓకే దేనికి అని అడగకపోవడం దగ్గర అది నిలబడలేదని నా అభిప్రాయం.

తెలుగు నోటి నుంచి వచ్చే ఇంగ్లీషు

స్పానిష్‌వాళ్లకు ప్రయారిటీ ఎలాగో, మనకూ అలాంటి మాటలున్నాయి. మొదటిది "డౌట్". మనం "ఐ హావ్ ఎ డౌట్" అంటే ఒక ప్రశ్న ఉందని. విదేశీ కంట్రోలర్ చెవికి నువ్వు చెప్పింది నమ్మట్లేదు అన్నట్టు వినిపిస్తుంది. రేడియోలో దానికి "కన్‌ఫర్మ్" లేదా "సే అగైన్" ఉన్నాయి.

రెండోది మర్యాద. "సరేనండి", "అలాగేనండి" అని మనం అనేది చాలాసార్లు ఒప్పుకున్నామని కాదు, విన్నామని. పెద్దవాళ్ల మాటకు అడ్డుచెప్పకుండా ముందు అలాగే అని, తర్వాత కుదరని సంగతి మెల్లగా చెప్పడం మన ఇళ్లలో అలవాటు. పదిహేను మైళ్లు తీసుకెళ్తాను సరేనా అన్నప్పుడు "ఐ గెస్ సో, థాంక్యూ" అన్న జవాబు తెలుగువాళ్లు ఇట్టే పోల్చుకోగలరు. అక్కడ రావలసిన మాట "అనేబుల్", అంటే కుదరదు. దాన్ని పలికించడానికి నోటికి సాధన కావాలి, ఎందుకంటే మన మర్యాదకు అది మొరటుగా తోస్తుంది. రేడియోలో అది మొరటు కాదు, ప్రామాణిక పదం.

మూడోది "అర్జెంట్", "ఎమర్జెన్సీ". ఫోన్ రీఛార్జికీ అర్జెంటే, గ్యాస్ బండకీ అర్జెంటే. అలా వాడివాడి అరగ్గొట్టిన మాట రేడియోలో పనిచేయదు. అక్కడ రెండు మెట్లు: అత్యవసరమే గానీ ప్రాణాపాయం ఇంకా మీదికి రాలేదంటే పాన్ పాన్, ప్రమాదం ముంచుకొస్తే మేడే. రెండూ మూడేసిసార్లు పలకాలి.

అంకెల సంగతి చెప్పనక్కర్లేదనిపిస్తుంది గానీ పొరపాట్లు ఇక్కడే ఎక్కువ. ఫిఫ్టీన్, ఫిఫ్టీల మధ్య తేడా చివరి అచ్చు పొడవులోనూ ఊనికలోనూ ఉంది. తెలుగు ఊనికలో అది పోతుంది. అందుకే హెడింగ్‌లను విడి అంకెలుగా పలకాలి: వన్ ఫైఫ్ జీరో. త్రీ కాదు ట్రీ, నైన్ కాదు నైనర్.

ఇప్పుడున్న పదాలు, వాటి వెనక లెక్క

2012లో ఐకావో ఇంధనానికి మూడు మెట్ల పదజాలం తెచ్చింది. మొదటిది, ఆలస్యం ఎంతో ముందే అడగడం. రెండోది "మినిమమ్ ఫ్యూయల్": ఒక విమానాశ్రయంలోనే దిగడానికి కట్టుబడ్డాం, ఇప్పటి క్లియరెన్స్‌లో ఏ మార్పు వచ్చినా ఫైనల్ రిజర్వ్ కంటే తక్కువతో దిగాల్సి రావచ్చు. మూడోది "మేడే మేడే మేడే ఫ్యూయల్": దగ్గర్లో క్షేమంగా దిగగల చోట దిగేసరికి ఫైనల్ రిజర్వ్ కంటే తక్కువే ఉంటుందని లెక్క తేలింది. జెట్ విమానానికి ఫైనల్ రిజర్వ్ అంటే విమానాశ్రయం పైన 1,500 అడుగుల ఎత్తులో 30 నిమిషాలు ఎగరడానికి కావలసిన ఇంధనం.

ఒక లెక్క చూద్దాం. ఫైనల్ రిజర్వ్ 1,150 కిలోలు అనుకోండి. ఇప్పుడు ట్యాంకుల్లో 2,600 ఉంది. అప్రోచ్‌కి 900 పోతుంది, దిగేసరికి 1,700. అంటే చేతిలో 550 కిలోలు. హోల్డింగ్‌లో నిమిషానికి 40 కిలోలు ఖర్చయితే అది 13 నిమిషాల పైచిలుకు. పది నిమిషాలు ఆలస్యం అన్నారు. దిగేసరికి 1,300, మిగిలిన వెసులుబాటు 150 కిలోలు, నాలుగు నిమిషాలు కూడా లేదు: మినిమమ్ ఫ్యూయల్ చెప్పాలి. పదిహేను నిమిషాలు అంటే 1,100కు పడుతుంది. వేరే దగ్గరి రన్‌వే కూడా లేకపోతే అది మేడే ఫ్యూయల్. "కొంచెం తక్కువే కదా" అనడానికి వీల్లేదు. గీత 1,150 దగ్గర ఉంది.

మినిమమ్ ఫ్యూయల్ అంటే వరసలో ముందుకు తెస్తారని చాలామంది అనుకుంటారు. తేరు. అది సమాచారం మాత్రమే. కంట్రోలర్ ఆలస్యం లేదనో, ఇంత ఉందనో చెప్పాలి. ముందుకు రావాలంటే మేడే ఒక్కటే దారి. ప్రయారిటీ చేసిన పొరపాటును మినిమమ్ ఫ్యూయల్ మళ్లీ చేయకుండా ఉండాలంటే ఈ తేడా ఆపరేషన్స్ మాన్యువల్‌లో అచ్చులో కనబడాలి.

ఆ ఒక్క వాక్యాన్ని తిరగరాస్తే

1980 నాటి వాక్యంలో మూడు లోపాలు. "బాగా తక్కువ" అన్నదానికి అంకె లేదు. "కోరాలి" అన్నారు గానీ కోరేది ఎవరో, ఎప్పుడో లేదు. "ప్రయారిటీ" అన్న మాటకు అవతలి పుస్తకంలో జోడీ లేదు. తిరగరాస్తే ఇలా ఉంటుంది:

దిగేసరికి మిగిలే ఇంధనం ఫైనల్ రిజర్వ్ కంటే తక్కువని లెక్క తేలితే, రేడియో చూసే పైలట్ "మేడే మేడే మేడే ఫ్యూయల్" అని పలకాలి. కాల్‌సైన్ చెప్పాలి. మిగిలిన ఇంధనాన్ని నిమిషాల్లో చెప్పాలి. కంట్రోలర్ నోటి నుంచి "రోజర్ మేడే" వినబడాలి. వినబడకపోతే మళ్లీ పలకాలి.

మొదటిదానికంటే పొడవు. కానీ చదివినవాడు తన సొంత మాట వెతుక్కోనక్కర్లేదు. అదే బులెటిన్ కాలపు ప్రక్రియల్లో అంకె ఉన్న నియమం ఎలా పనిచేసిందో ఈ విమానంలోనే చూడొచ్చు. ఏ ట్యాంకులోనైనా 1,000 పౌండ్లు, అంటే 450 కిలోల పైచిలుకు, లేదా అంతకంటే తక్కువ ఉంటే గో-అరౌండ్‌లో పవర్ మెల్లగా పెంచాలి, ముక్కు ఎక్కువ ఎత్తకూడదు అన్నది ఆ నియమం. దిగడానికి ముందు ఫ్లైట్ ఇంజినీర్ దాన్ని పైలట్లకు దాదాపు ఉన్నదున్నట్టు చెప్పాడు. స్పష్టంగా రాసింది వాళ్లకు గుర్తుంది. అస్పష్టంగా రాసింది అస్పష్టంగానే గుర్తుంది.

మెయింటెనెన్స్ మాన్యువళ్లలో ఈ పని ముందే మొదలైంది. యూరప్ విమాన పరిశ్రమ 1980లలో తెచ్చిన సింప్లిఫైడ్ ఇంగ్లీష్, ఇప్పుడు ఏఎస్‌డీ-ఎస్‌టీఈ100గా నడుస్తోంది. ఒక మాటకు ఒకే అర్థం, సూచన వాక్యం 20 పదాలు దాటకూడదు. "ఫాలో" అంటే వెనక రావడం మాత్రమే, నియమాన్ని పాటించడానికి "ఒబే" వాడాలి. "రైట్" అంటే కుడి, సరైనదానికి "కరెక్ట్". "టర్న్ ఆఫ్ ఇంజిన్స్ నాట్ రిక్వైర్డ్" అన్న వాక్యం ఎందుకు పనికిరాదో శంషాబాద్ హ్యాంగర్లలో పనిచేసే టెక్నీషియన్‌కు చెప్పనక్కర్లేదు: అక్కర్లేని ఇంజిన్లు ఆపమనా, ఇంజిన్లు ఆపనక్కర్లేదనా? సర్టిఫై చేసే ఇంజినీర్‌కు మాన్యువల్ ఏ భాషలో ఉందో ఆ భాష చదివి, రాసి, మాట్లాడగల సామర్థ్యం ఉండాలని మెయింటెనెన్స్ లైసెన్సుల నియమావళి సీఏఆర్-66 కోరుతుంది. చదివేవాడికి ఆ షరతు ఉన్నప్పుడు రాసేవాడికీ ఉండాలి.

సిమ్యులేటర్‌లో దీన్ని ఎలా సాధన చేయించాలి

ఈ కేసును చెప్పి వదిలేస్తే ప్రయోజనం తక్కువ. హోల్డింగ్‌లో, దిగేసరికి ఫైనల్ రిజర్వ్ కంటే 400 కిలోలు ఎక్కువ మిగిలేచోట మొదలుపెట్టండి. ఇన్‌స్ట్రక్టర్ కంట్రోలర్‌గా వేగంగా, పరిచయంలేని యాసలో మాట్లాడాలి. మొదటి ఆలస్యం ఎనిమిది నిమిషాలు, రెండోది మరో ఎనిమిది. మొదటిదానికి మినిమమ్ ఫ్యూయల్, రెండోదానికి మేడే ఫ్యూయల్ రావాలి. మేడే వినగానే ఇన్‌స్ట్రక్టర్ కావాలనే "ఓకే" అని మాత్రం అనాలి. ట్రైనీ అక్కడితో ఊరుకుంటే సాధన మళ్లీ మొదటినుంచి.

కెప్టెన్ సీట్లో ఉన్నవాళ్లు "చెప్పావా?" అని అడగాలి. పక్కసీటు నుంచి "చెప్పాను" అని వస్తే ఆ జవాబును ఒప్పుకోకూడదు. తను పలికిన మాట, అవతల నుంచి వచ్చిన మాట రెండూ ఉన్నదున్నట్టు తిరిగి చెప్పించాలి: "మేడే ఫ్యూయల్ అన్నాను, పన్నెండు నిమిషాలకు ఉందన్నాను, ఓకే అన్నారు, రోజర్ మేడే అనలేదు." అలా చెప్తున్నప్పుడే చాలామంది ఆగి, మైక్ బటన్ మళ్లీ నొక్కుతారు.